పాపిట అవతలి పక్క

నీళ్ళ వేడిని ఆమె ముంజేతి లోపలివైపు పోసుకుని చూస్తుంది. వేడి విషయంలో వేళ్ళను నమ్మదు. ఇరవై రెండేళ్ళు తడిలో నానిన వేళ్ళు చురుకును పట్టించుకోవడం ఎప్పుడో మానేశాయి. ముంజేయి సరే అన్నాక, వెనక్కి వాలిన మెడ కింద ఎడమ అరచేయి ఆనించి, కుడిచేత్తో పైపు పట్టుకుని నుదుటి నుంచి వెనక్కి తడుపుతుంది. చెవిలోకి చుక్క పోనివ్వదు. కంట్లో నురగ పడిందని ఇంతవరకు ఒక్కరూ అనలేదు. బతుకులో సాధించింది ఏమిటని ఎవరైనా అడిగితే ఆమె ఇదే చెప్పేది. ఎవరూ అడగలేదు.

ఆ సెలూన్‌లో కత్తిరించేవాళ్ళు, రంగులు వేసేవాళ్ళు ముందు గదిలో అద్దాల మధ్య ఉంటారు. వెనక సన్నటి గదిలో రెండు తొట్లు, రెండు వాలు కుర్చీలు, తువ్వాళ్ళ అల్మరా. అద్దం లేదు. అది లేకపోవడమే ఆ గదిలో ఆమెకు నచ్చేది. హాజరు పుస్తకంలో ఆమెకు వేరే పేరుంది గాని, అక్కడ అందరికీ ఆమె నీళ్ళక్క.

పొట్టి మనిషి. యాభై నాలుగేళ్ళు. మోచేతుల దాకా ఎగ్గట్టిన చొక్కా చేతులు, నీళ్ళకు ముడతలు పడి తెల్లబారిన వేలికొసలు, తలకు ఎప్పుడూ బిగించి కట్టిన ముదురు నీలం గుడ్డ. ఆ గుడ్డ వెనకవైపు బత్తాయంత ఎత్తున కొప్పు కనబడుతుంది. జుట్టున్నమ్మ ఏ కొప్పు పెట్టినా అందమే అంటారు కదా, రంగులు వేసే పిల్ల ఎప్పుడూ ఆ కొప్పు మీదే పడుతుంది.

"అంత జుట్టు దాచుకుని ఏం చేసుకుంటావక్కా?"

"మీకెవరికీ అరువివ్వకుండా చూసుకుంటాను," అంటుంది నీళ్ళక్క. పిల్ల నవ్వుతుంది, ఆమే నవ్వుతుంది.

ఆ కొప్పు సవరం. సవరం లోపల చుట్టచుట్టిన పాత మేజోడు. దానికి ముందు, నుదుటి నుంచి నడినెత్తి దాకా, ఒక్క వెంట్రుక లేని నున్నటి చర్మం.

ముప్పై ఎనిమిదో ఏట నడినెత్తి మీద దురద, తర్వాత మంట మొదలైంది. పేనుకొరుకుడు అని తేల్చేసింది ఆడపడుచు. ఉల్లిరసం రుద్దమంది, వెల్లుల్లి రుద్దమంది. మండుతోందంటే, మండితే పనిచేస్తున్నట్టే అంది. నాలుగేళ్ళు మండించుకుంది నీళ్ళక్క. చివరికి వెళ్ళిన డాక్టరమ్మ భూతద్దం పెట్టి చాలాసేపు చూసి, పేనుకొరుకుడైతే మళ్ళీ మొలిచేదని, ఇది వేరని చెప్పింది. లోపల వాపు పుట్టి కుదుళ్ళను తినేస్తుందట. కుదురు పోయినచోట చర్మం మచ్చగట్టి మూసుకుపోతుందట. ఇక అక్కడ ఎన్ని నూనెలు పోసినా రాతి మీద విత్తనాలు చల్లినట్టే. ఇది అంటుకునేది కాదని చెప్పింది. మంట పుట్టినప్పుడే వచ్చి ఉంటే ఆపేవాళ్ళమని, ఇప్పుడైనా మిగిలినదాన్ని కాపాడుకోవచ్చని, మందు వాడి రెండు నెలలకు మళ్ళీ రమ్మని చెప్పింది. నీళ్ళక్క మళ్ళీ వెళ్ళలేదు. ఆ రోజు బయట బల్ల మీద సెలూన్‌కు వచ్చే మనిషి ఒకామె కూర్చుని ఉంది. తలలు కడిగే మనిషికి తలరోగమని తెలిస్తే ఆ తొట్టి దగ్గరికి ఎవరు వస్తారు? అంటుకోదని ఎంతమందికి నచ్చజెప్పగలదు? గుడ్డ కళ్ళ మీదికి లాక్కుని, గోడవారగా నడిచి బయటపడింది.

అది పన్నెండేళ్ళ కిందటి మాట. సిటీ బస్సు నడిపే మొగుడికి కూడా ఆ తల చూపించలేదు. పడుకునేటప్పుడు పలచటి గుడ్డ కట్టుకుంటుంది. తలకు గాలి తగలనియ్యవే అని ఆయన ఒకటి రెండుసార్లు గోడవైపు తిరిగి అన్నాడు. తెలుసో తెలియదో ఆమె అడగలేదు, ఆయన చెప్పలేదు. అలా సుఖంగానే కాపురం చేశారు.

కానీ పన్నెండేళ్ళలో ఆమె వేళ్ళు చాలా నేర్చుకున్నాయి. చుండ్రు పొట్టు జిడ్డుగా ఉంటే ఒక రకం, పొడిగా రాలితే ఇంకో రకం. బిగించి జడలు వేసేవాళ్ళకు కణతల దగ్గర కుదుళ్ళు వదులవుతాయి. పేనుకొరుకుడు మచ్చ నున్నగా ఉన్నా మెత్తగా ఉంటుంది, వేలు పెడితే సన్నటి రంధ్రాలు తెలుస్తాయి. మూసుకుపోయిన చర్మానికి మాత్రం పింగాణీ నునుపు. జుట్టు గురించి అందరూ మాట్లాడతారు, అది నిలబడే నేల గురించి ఎవరికీ పట్టదు. ఆమెకు ఆ నేలే తెలుసు. తెలిసినా నోరు విప్పకూడదు. ఒకసారి ఒకామెకు పేలున్నాయని చెబితే, సెలూన్ ఎగిరిపోయేలా అరిచి వెళ్ళిపోయింది. అప్పటి నుంచి యజమానురాలిది ఒకటే మాట. "కందకు లేని దురద కత్తిపీటకెందుకక్కా? కడుగు, తుడువు, పంపించు."

ఆ శనివారం పదకొండింటికి లెక్కల టీచరమ్మ వచ్చింది. రెండు వారాలకోసారి వస్తుంది. కత్తిరింపు లేదు, రంగు లేదు. తల కడిగించుకుని, ఆరబెట్టించుకుని, నీళ్ళక్క చేతే దువ్వించుకుని వెళుతుంది. నలభై ఏళ్ళుంటాయి. మామూలుగా అయితే కుర్చీలో వాలకముందే పిల్లల జవాబుల గురించి ఏదో ఒక నవ్వులాట మొదలుపెడుతుంది. ఇవాళ మాట్లాడకుండా వాలి, కళ్ళు మూసుకుంది.

నీళ్ళక్క ముంజేతి మీద నీళ్ళు చూసుకుని ఆ తల తడిపింది. తొమ్మిది నెలల కింద, మొదటి వానలప్పుడు, ఈ తలలోనే ఎడమవైపు, పాపిట పక్కన, రూపాయి బిళ్ళంత నునుపు ఆమె వేలికి తగిలింది. పింగాణీ నునుపు. చుట్టూ కుదుళ్ళు ఎర్రగా ఉబ్బి ఉన్నాయి. ఆ రోజు నోటిదాకా వచ్చింది. నీకెలా తెలుసని అడిగితే? ఆ ప్రశ్నకు జవాబు గుడ్డ కింద ఉంది. అందుకని దువ్వేటప్పుడు పాపిట అవతలి పక్కకు మార్చి, జుట్టంతా మచ్చ మీదికి తెచ్చింది. పాపిట ఇటుంటే మీ ముఖానికి బాగుందమ్మా అంది. టీచరమ్మకు అది నచ్చింది. ఇంట్లో కూడా అలాగే దువ్వుకోవడం మొదలుపెట్టింది. నడుమ ఒకసారి దురదగా ఉంటోంది, చుండ్రా అని అడిగితే, చుండ్రేనమ్మా అని కూడా అనేసింది. ఆ తర్వాత వచ్చే ప్రతి రెండో శనివారం కోసం భయపడింది. వచ్చిన ప్రతిసారీ మచ్చ కాస్త పెరిగింది, పాపిట కాస్త పక్కకు జరిగింది. ఆ పనితనానికి ఆమెకే సిగ్గుగా ఉండేది.

నురగ పట్టాక టీచరమ్మ కళ్ళు తెరవకుండానే మాట్లాడింది.

"నిన్న డాక్టరు దగ్గరికెళ్ళాను నీళ్ళక్కా. పాపిట ఇటు తీసి అద్దంలో చూపించింది. నా తలేనా అనుకున్నాను. అరచేయంత ఉంది."

నీళ్ళక్క వేళ్ళు ఆగలేదు. ఆగితే తెలిసిపోతుంది.

"ఏడెనిమిది నెలల ముందొస్తే చిన్నగా ఉన్నప్పుడే ఆపేవాళ్ళమంది. ఇక అక్కడ రాదట. మీ తల ఎవరూ ముట్టుకోరా అని అడిగింది. నాకు నువ్వే గుర్తొచ్చావు. నీ చేతికెప్పుడూ తగల్లేదా?"

"లేదమ్మా," అంది నీళ్ళక్క. "నురగలో ఏం తెలుస్తుంది."

"అదేలే. ఊరికే అడిగాను, ఏమనుకోకు. నీకెలా తెలుస్తుంది పాపం, కడగడమేగా నీ పని."

నీళ్ళక్కకు తల కొట్టేసినట్టయింది. తిట్టి ఉంటే కుక్కిన పేనులా పడి ఉండేది. నువ్వు మోసం చేశావంటే తల వంచుకునేది. పాపం, నీకేం తెలుసు అంటే మాత్రం భరించలేకపోయింది. ఆమెకు ప్రపంచంలో తెలిసింది అదొక్కటే. తను పిరికిదని ఆమెకు తెలుసు, అబద్ధాలకోరని కూడా తెలుసు. చేతికి తెలియని మనిషినని ఒప్పుకోవడానికి మాత్రం మనసు రాలేదు. నిజం చెప్పించింది మంచితనం కాదు, ఆ పౌరుషమే. ఆ సంగతి కూడా ఆమెకు అప్పుడే తెలిసింది, దానికీ సిగ్గుపడింది.

"నా చేతికి తెలుసమ్మా."

టీచరమ్మ కళ్ళు తెరిచింది. తలకిందులుగా ఉన్న ముఖంలో ఆ కళ్ళు ఎవరివో కొత్తవాళ్ళవిలా ఉన్నాయి.

"ఎప్పటి నుంచి?"

"వానలు మొదలైనప్పటి నుంచి. రూపాయంత ఉండేది."

"పాపిట మార్చింది..."

"దానికే."

"చుండ్రన్నావు."

"అన్నాను."

"ఎందుకక్కా?"

యజమానురాలి మాట చెప్పి తప్పుకోవచ్చు. అది సగం నిజం కూడా. నీళ్ళక్క చేతులు తుడుచుకుంది. కుర్చీ చేతి మీదున్న టీచరమ్మ కుడిచేతిని పట్టుకుని, తను వంగి, ఆ వేళ్ళను తన తలగుడ్డ అంచు కిందికి జరిపింది. పన్నెండేళ్ళలో అక్కడ మరో మనిషి చెయ్యి పడడం అదే మొదటిసారి. వేళ్ళు నుదుటి పైన తడుముకుంటూ నడినెత్తి దాకా వెళ్ళాయి. వెనక సవరం పట్టు తప్పి పక్కకు జరిగింది. అక్కడ వేళ్ళు ఆగాయి.

తర్వాత చప్పున వెనక్కి వచ్చేశాయి.

టీచరమ్మ భుజాల మీద చిన్న తువ్వాలు ఉంది. ఆమె ఆ వేళ్ళను దానికి తుడుచుకుంది. ఒక్కొక్క వేలే, చూపుడువేలు నుంచి చిటికెనవేలు దాకా. తుడుచుకుంటున్నట్టు ఆమెకే తెలియదేమో. అంటుకునేది కాదమ్మా అని చెప్పాలనుకుంది నీళ్ళక్క. ఈ మనిషికి మాట చెప్పే హక్కు తనకు ఇక లేదనిపించింది. ఇన్నేళ్ళుగా దేనికి భయపడిందో అది ఇంత చిన్న పనా అని కూడా అనిపించింది.

"నురగ ఆరిపోతోంది," అంది టీచరమ్మ.

నీళ్ళక్క కడిగింది. ఎప్పటికంటే జాగ్రత్తగా, మచ్చ మీద వేలు ఆనకుండా, చెవుల్లోకి చుక్క పోకుండా కడిగింది. పెద్ద తువ్వాలు అందిస్తే టీచరమ్మ తనే తుడుచుకుంది. దువ్వెన అడిగి తీసుకుంది. అద్దం లేని గదిలో, తడి జుట్టును ఎడమవైపు పాపిట తీసి దువ్వుకుంది. అరచేయంత మచ్చ దీపం వెలుతురులో బయటపడి మెరిసింది. దాన్ని కప్పుకోలేదు.

లేచి, భుజాల మీది చిన్న తువ్వాలు కుర్చీ చేతి మీద వేసి, గడప దగ్గర ఆగింది. గోడవైపు చూస్తూ మాట్లాడింది.

"ఆ రోజే చెప్పుంటే నేను నమ్మేదాన్ని కాదు. నిన్ను తిట్టేదాన్ని కూడా. అయినా చెప్పాల్సింది."

"అవునమ్మా."

"నీకు తెలిసి కూడా..." అంటూ వెళ్ళిపోయింది. ముందు గదిలో తలుపు తెరుచుకున్న చప్పుడు, వీధి చప్పుడు కొంచెం, మళ్ళీ తలుపు మూసుకున్న చప్పుడు వినబడ్డాయి.

యజమానురాలు పుస్తకం పట్టుకుని వచ్చింది. "టీచరమ్మ వచ్చేసారి ఏ టైముకు రాయమంది?"

"ఇంక రాదు."

"అదేంటి? ఏమైంది?"

"నా వల్లే," అంది నీళ్ళక్క, జారిన సవరాన్ని గుడ్డ మీద నుంచే పట్టుకుని.

యజమానురాలు ఆ చేతివైపు, ఆ గుడ్డవైపు చూసింది. ఏదో అడగబోయి, ముందు గదిలో ఫోను మోగితే వెళ్ళింది. నీళ్ళక్క తొట్టి కడిగింది. దువ్వెన కడిగింది. పెద్ద తువ్వాలును ఉతుకుడు బుట్టలో వేసింది.

చిన్న తువ్వాలు కుర్చీ చేతి మీద ఉండిపోయింది, నాలుగు వేళ్ళు తుడిచినచోట నాలుగు ముడతలతో.