బుగ్గ లోపలి కణాలు

"కడగడమేగా నీ ఉద్యోగం! ఇంట్లోనూ అదే చేస్తావు, అక్కడా అదే. దానికింత అలసటేంటి?" అన్నాడు భర్త, తిన్న కంచం సింకులో పడేస్తూ.

ఆమె కంచం తోమింది. కాలేజీ బయాలజీ ల్యాబ్‌లో అటెండర్‌గా పదకొండేళ్ళు. గాజు స్లైడ్లు కడగాలి, మైక్రోస్కోపులు తుడవాలి, రంగు సీసాలు నింపాలి. కానీ చేతులు కడుగుతుంటే చెవులు ఊరుకుంటాయా? జీవకణం, రక్తం, ఆకు, గుండె... ఏటా అవే పాఠాలు, ఏటా కొత్త పిల్లలు. అర్థం కానిచోట పుస్తకం తెచ్చుకుని బస్సులో చదువుకునేది. ఒకసారి భోజనాల దగ్గర, మన పొట్ట లోపలి పొర నాలుగైదు రోజులకోసారి కొత్తది పుడుతుందట తెలుసా అని సంబరంగా చెప్పబోతే, "తినేటప్పుడు ఆ కంపు మాటలేంటి?" అన్నాడాయన. ఆ తర్వాత తెలిసినవన్నీ తనకు తానే చెప్పుకోవడం అలవాటు చేసుకుంది, కూరలు తరుగుతూ, బట్టలు ఆరేస్తూ.

ఆ శనివారం మధ్యాహ్నం కాలేజీలో చుట్టుపక్కల వాళ్ళందరికీ 'బయాలజీ తొలిపాఠం' పెట్టారు. బయల్దేరుతుంటే భర్త, "అమ్మనీ తీసుకెళ్ళు. మ్యాచ్ ఉంది, ప్రశాంతంగా చూసుకోనీ" అన్నాడు. దాంతో అత్తగారు చేతిసంచీతో సహా వచ్చి ముందు వరసలో కూర్చుంది.

హాలు నిండింది. దర్జీ, బస్సు కండక్టరమ్మ, ఇద్దరు నర్సులు, రిటైరైన పోస్టుమాస్టరు, ఇంకా ఎవరెవరో. పాఠం చెప్పాల్సిన లెక్చరర్‌కి మాత్రం గొంతు పూర్తిగా పోయింది. నోరు తెరిస్తే గాలి తప్ప మాట రావడం లేదు.

"అందరినీ పంపించేద్దాం" అంది ప్రిన్సిపాల్, విసుగ్గా.

"నేను చెబుతాను మేడమ్."

ఆ మాట తన నోట్లోంచే వచ్చిందని ఆమెకు ఒక్క క్షణం ఆలస్యంగా తెలిసింది.

"నువ్వా? స్లైడ్లు కడగడం కాదమ్మా ఇది!"

లెక్చరర్ గబగబా కాగితం మీద రాసి ప్రిన్సిపాల్ ముందు పెట్టాడు: 'నా కొత్తలో నాకు ల్యాబ్ నేర్పింది ఈవిడే.'

ఆమె లేచి నిలబడింది. బల్ల అంచు పట్టుకుని, "ముందు మనల్ని మనం చూసుకుందాం" అంది. దూది పుల్లతో బుగ్గ లోపల మెల్లగా రుద్ది, గాజు మీద పూసి, నీలం రంగు ఒక చుక్క వేసి చూపించింది. అందరూ బుగ్గలు రుద్దుకుంటుంటే హాలంతా నవ్వులు. దర్జీ మైక్రోస్కోపులోకి తొంగిచూసి, "అమ్మో, మధ్యలో గుండీ కుట్టినట్టుందే!" అన్నాడు. "అదే కేంద్రకం. ఒళ్ళంతటికీ కావలసిన వివరం అందులోనే రాసుంటుంది" అంది ఆమె.

అత్తగారు కళ్ళద్దాలు తీసి, పెట్టి, మళ్ళీ తీసి చాలాసేపు చూసింది.

"ఇవన్నీ నేనేనా?"

"మీరే అత్తయ్యా. లోపల మైటోకాండ్రియా అని ఇంకా చిన్నవి ఉంటాయి. మనం కదలాలన్నా, ఊపిరి పీల్చాలన్నా శక్తి చాలావరకు వాటి పుణ్యమే. ఈ మైక్రోస్కోపుకి సరిగ్గా కనపడవు."

"అంటే ఇంటిపని లాంటివన్నమాట" అంది అత్తగారు. నర్సులిద్దరూ పగలబడి నవ్వారు.

"అవి మనకి దాదాపు పూర్తిగా అమ్మ నుంచే వస్తాయి" అంది ఆమె. "మీ అమ్మ నుంచి మీకు, మీ నుంచి మీ అబ్బాయికి."

అత్తగారు ఇటు తిరిగింది. "నలభై ఏళ్ళుగా వాడిది అంతా తండ్రి పోలికే అని చెప్పి చెప్పి చంపారు కదే! మా అమ్మది కూడా వాడిలో ఉందా? ఈ మాట ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదు?"

"ఎవరూ అడగలేదు అత్తయ్యా."

గంట అన్నది రెండు గంటలైంది. ఎవరూ లేవలేదు. కండక్టరు రక్తం గురించి అడిగింది, పోస్టుమాస్టరు మతిమరుపు గురించి. తెలిసినవి చెప్పింది. తెలియనివి తెలియదనే చెప్పి, బోర్డు మీద ఓ పక్కన రాసుకుంది.

చివర్న ప్రిన్సిపాల్ దగ్గరకొచ్చి, "వచ్చే శనివారం కూడా మీరు కాస్త సాయం చేస్తారా?" అంది.

"సాయం చెయ్యను మేడమ్. పాఠం చెబుతాను. బయట నోటీసులో నా పేరు వెయ్యండి, లెక్చరర్లకిచ్చేదే నాకూ ఇవ్వండి."

ప్రిన్సిపాల్ బోర్డు వైపు ఒకసారి చూసి, "సరే, వేయిస్తాను. ఇప్పిస్తాను" అంది.

అంతలో ఫోన్ మోగింది. భర్త. "మ్యాచ్ ఎప్పుడో అయిపోయింది. ఇంకా రారేంటి? వంటో?"

"మాకింకా ఆలస్యమవుతుంది. మీరే మొదలుపెట్టండి" అంది ఆమె.

అత్తగారు మైక్రోస్కోపు మీంచి తల ఎత్తకుండానే కేక వేసింది. "కాస్త ఎక్కువ వండరా, ఇద్దరం తింటాం!"