గుడ్డలోంచి కారిన నీళ్లు

లాండ్రీ తొట్టి కుళాయికి వేలాడుతున్న గుడ్డమూట కింద గిన్నెలో చుక్క చుక్క పడుతోంది. ఇంట్లో ఏ మూల ఉన్నా నజ్వా చెవి ఆ చప్పుడు మీదే ఉంటుంది. చుక్కకీ చుక్కకీ మధ్య ఎడం పెరిగిందంటే పెరుగు గట్టిపడుతున్నట్టు. పూర్తిగా గట్టిపడితే లబ్నె అయినట్టు. ఈమధ్య ఆమె గుండె దడ లేకుండా తినగలుగుతున్నది ఆ లబ్నె ఒక్కటే.

ఆరో నెల. మొదటి కాన్పులో, పెర్లా కడుపులో ఉన్నప్పుడు లేని షుగరు ఈసారి వచ్చి కూర్చుంది. ఆస్పత్రిలో గ్లెనిస్ అనే నర్సు బొమ్మలు చూపించి మరీ చెప్పింది. రొట్టె, అన్నం, బంగాళదుంప, పాలు బాగా తగ్గించమంది. గుడ్లు, ఆకుకూరలు, వడగట్టిన పెరుగు తినమంది. "వచ్చే గురువారం దాకా చూద్దాం. దిగకపోతే ఇన్సులిన్ సూది మొదలుపెడదాం. భయపడేదేం లేదు" అంది.

భయపడేదేం లేదన్న మాట నజ్వాకి వినపడలేదు. సూది అన్నదే వినపడింది. చిన్నప్పుడు, లెబనాన్ కొండల్లోని ఇంట్లో, అమ్మ కోసం ఆ సూదిమందు సీసాలు ఫ్రిజ్‌లోకి వచ్చాయి. మంచు కరిగేలోపే అమ్మ వెళ్లిపోయింది. తమ్ముళ్లకి వండిపెట్టేవాళ్లు లేక నజ్వా బడి మానేసింది. సూది వల్ల అమ్మ పోలేదని, సూది రావడమే ఆలస్యమైందని ఆ పిల్లకి ఎవరూ విడమరిచి చెప్పలేదు. ఇంట్లోకి సూది వస్తే పిల్లలకి తల్లి ఉండదు. ఆమెకి తెలిసిన లెక్క అదే.

దేశం దాటి వచ్చి ఉంటున్న మెర్రీలాండ్స్‌లోని ఆ ఇంటికి రెండు వంటిళ్లు. లోపలిది వచ్చినవాళ్లు చూడ్డానికి, గ్యారేజీలోది వండుకోవడానికి. గ్యారేజీ అత్తగారు వదీయ రాజ్యం. పాలు కాచి, చిటికెనవేలు ముంచి, మరియ తల్లి జపం చివరిదాకా వేలు ఓర్చుకుంటే అప్పుడు తోడు వేసేది. గిన్నె మీద సిలువ గీసి, పాత దుప్పటి కప్పి, జలుబు చేసిన పిల్లాణ్ణి పడుకోబెట్టినట్టు పడుకోబెట్టేది. పుల్లగా ఉంటే ఆవిడకి గిట్టదు. పెరుగు ఇంకా తియ్యగా ఉండగానే దుప్పటి తీసేసేది.

"రొట్టె లేకుండా లబ్నె ఏంటే?" అంది వదీయ ఆ రోజు భోజనాల దగ్గర. "చెంచాతో తింటే మందు తాగినట్టు ఉండదూ?"

"దోసకాయ ముక్కలతో తింటున్నాగా అత్తమ్మా."

"దోసకాయ చెయ్యి కాదమ్మా. మనకి రొట్టే చెయ్యి. చెయ్యి లేకుండా ఎలా తింటావ్?"

"అయితే నీకు ఎనిమిది చేతులున్నాయమ్మా. ఇందాకట్నుంచి చూస్తున్నా" అన్నాడు సర్కిస్. టైల్స్ పరిచే పని నుంచి వచ్చి, మోకాళ్ల మీద సిమెంటు మరకలతోనే కూర్చున్నాడు.

"నోర్ముయ్ రా. నీ పెళ్లాం పుల్లలా అయిపోతోందని నా బాధ." వదీయ లబ్నె మీద ఇంకాస్త నూనె ఒంపి గిన్నె కోడలి ముందుకి జరిపింది. "నా మట్టి నువ్వే పొయ్యాలి తల్లీ, ఇంకో ముద్ద తిను." నాకంటే ముందు నువ్వు పోకూడదని, ప్రేమ పొంగినప్పుడల్లా ఆవిడ అనే మాట అది.

నజ్వా తింది. తరవాత లాండ్రీలోకి వెళ్లి గిన్నెలో పడ్డ నీళ్లు పెద్ద గ్లాసులోకి ఒంపి, చిటికెడు ఉప్పేసి తాగింది. నేల మీద పడ్డ రొట్టెముక్కని ముద్దుపెట్టుకుని తీసే ఇంట్లో పుట్టిన మనిషి. పాల దీవెనని మోరీలో పొయ్యకూడదని అమ్మ చెప్పేది. పైగా ఈ షుగరుతో దాహం ఒకటి. నీళ్లే కదా.

షుగరు చూసే మిషను మాత్రం కనికరించలేదు. ప్రతి భోజనం తరవాతా వేలు పొడుచుకుని చూస్తే, నర్సు గీసిన గీతకి పైనే. దోసకాయ ముక్కలు కూడా కట్టిపెట్టి ఉత్త గుడ్లూ ఆకులూ లబ్నె తిన్నా అంతే. రాత్రిళ్లు కడుపు మీద చెయ్యేసుకుని పడుకుంటే కళ్లు మూతపడేవి కావు. రొట్టె లేదు, అన్నం లేదు. మరి ఎక్కణ్ణుంచి వస్తోంది?

సోమవారం గ్యారేజీలో గిన్నె కోసం వెళ్తే, పై అరలో ఉండాల్సిన పాలపొడి డబ్బా పొయ్యి పక్కన కనపడింది. మూత సరిగ్గా బిగించి లేదు. పెరుగు గట్టిగా తోడుకోవాలంటే ఇక్కడి మనవాళ్లు పాలల్లో పొడి కలుపుతారు. నజ్వా ఒళ్లు మండింది.

"అత్తమ్మా, పాలల్లో ఇది కలుపుతున్నారా?"

వదీయ వెనక్కి తిరిగింది. "ఏది?"

"నేను చిక్కిపోతున్నానని మీకు జాలి. నాకు తెలుసు. బలం అని చెప్పకుండా కలుపుతున్నారు. అందుకే నాది దిగట్లేదు."

"ఆ డబ్బా పెర్లా పాయసం కోసం తీశానే."

"పాయసం ఎప్పుడు చేశారు? నాకు కనపళ్లేదే."

వదీయ చేతులు తుడుచుకుంది. చాలాసేపు తుడుచుకుంది. "నీ కడుపులో ఉన్నది నా కొడుకు బిడ్డ" అంది. "వాడి నోట్లో నేనే మన్ను కొడతానా? సరేలే. రేపట్నుంచి పాలు నువ్వే తోడేసుకో. నేను ముట్టుకోను."

అరిచి ఉంటే బాగుండేది. అరిచే మనిషి అరవకపోతే ఇల్లంతా బరువెక్కుతుంది.

సర్కిస్‌తో చెప్తే తల గోక్కున్నాడు. "అమ్మ నిన్న పెర్లాకి పాయసం పెట్టింది. నేనూ గిన్నె నాకాను. నువ్వప్పుడు నిద్రపోతున్నావ్."

 మర్నాడు నజ్వా తనే పాలు కాచింది. జపం సగంలో ఉండగానే వేలు తీసేసింది, ఓర్చుకోలేక. గుడ్డలో కట్టి వేలాడదీసింది. ఈసారి పొడి లేదు, ఎవరి చెయ్యీ లేదు. తిని, గిన్నెలో నీళ్లు తాగి, మిషను చూసుకుంది. అదే అంకె. కాస్త ఎక్కువే.

ఇంక నింద వెయ్యడానికి ఇంట్లో ఎవరూ మిగల్లేదు.

బుధవారం మళ్లీ గ్లాసు నింపుకుంటుంటే పెర్లా వచ్చి కొంగు పట్టుకున్నట్టు స్వెట్టరు అంచు పట్టుకుని గుంజింది. నజ్వా ఎత్తి చంకనేసుకుంది. పిల్ల గ్లాసు మీదకి వంగి గుటకలేసింది. మూతి తుడుచుకుని, "ఇంకా" అంది.

నజ్వా చెయ్యి ఆగిపోయింది. లబ్నె నాలుకకి తగిలితే ఉమ్మేసే పిల్ల. పండైనా తియ్యగా లేకపోతే నేలకేసి కొట్టే పిల్ల. ఇంకా అంటోంది.

ఉప్పు వెయ్యకుండా తను ఒక గుక్క తాగింది. మింగకుండా నోట్లోనే ఉంచుకుంది. ముందు పులుపు. దాని వెనకాల, వద్దన్నా వచ్చిన చుట్టంలా, సన్నటి తీపి. చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతకడం అంటే ఇదే. ఆస్పత్రికి ఫోన్ చేసి, సిగ్గు చంపుకుని ఆ నీళ్ల సంగతి అడిగింది.

"రోజూ తాగుతున్నావా? ఎంత?" అంది గ్లెనిస్.

"గిన్నెలో ఎంతుంటే అంత."

అవతల ఊపిరి వదిలిన చప్పుడు. "పాలల్లో ఉండే చక్కెర చాలావరకు ఆ నీళ్లల్లోకే దిగుతుందమ్మా. అది కారిపోవాలనే వడగట్టమన్నది. నీళ్లే కదా అనుకున్నావ్, నీ తప్పేం లేదు. చెప్పకపోవడం నా తప్పు. రేపు ఎలాగూ వస్తావుగా."

మిగిలిన ఆ నీళ్లు జగ్గులోకి ఒంపుకుని నజ్వా గ్యారేజీలోకి వెళ్లింది. వదీయ వీపు తిప్పి పిండి పిసుకుతోంది.

"అత్తమ్మా, దొంగ దొరికింది."

"ఏ దొంగ?"

నజ్వా జగ్గు బల్ల మీద పెట్టి చెప్పింది. అమ్మ మాట దగ్గర్నుంచి పెర్లా గుటక దాకా మొత్తం చెప్పింది.  "మిమ్మల్ని అనకూడని మాట అన్నాను. నాకు సూదంటే... అమ్మ అలాగే..."

వదీయ పిండి చేతులు అలాగే గాల్లో ఉంచుకుని కోడల్ని చూసింది. "మీ అమ్మ నాకూ తెలుసు. ఆవిడకి డాక్టరు చెప్పి ఏడాదైనా సూది వేయించుకోలేదు. భయమే చంపింది ఆవిణ్ణి, సూది కాదు. నువ్వూ ఆ దారే పట్టకు." తరవాత జగ్గులోకి తొంగిచూసింది. "చూడవే, దొంగతనం నువ్వు చేసి డబ్బా నా నెత్తిన పెట్టావ్."

"అవును."

"ఒప్పుకున్నావ్, మంచిదే. నా కొడుకు ఇంతవరకు ఏదీ ఒప్పుకోలేదు." జగ్గు ఎత్తి నీళ్లు పిండిలోకి ఒంపింది. "దీవెన పారెయ్యక్కర్లేదు. రొట్టెల్లోకి పోతుంది. నువ్వు తినకూడదు. వాసన చూసుకో, వాసనకి షుగరు రాదు."

ఆ రాత్రీ, మర్నాడు పొద్దున కూడా అంకె గీత కిందకి దిగింది. గురువారం గ్లెనిస్ చూసి తలూపింది. "ప్రస్తుతానికి సూది వద్దు. ఇలాగే ఉండు. ముందు ముందు అవసరమైతే చూద్దాం."

ఇంటికొచ్చాక ఆ 'ముందు ముందు' అన్న మాటనే నజ్వా తిప్పి తిప్పి అంటుంటే వదీయ విసుక్కుంది. "సూది వస్తే వస్తుంది. వస్తే నేనే వేస్తాను. ముందు పాలు చూడు, పొంగుతున్నాయ్."

నజ్వా పొయ్యి కట్టేసింది. పాలు ఆరాక ఇద్దరూ గిన్నె మీదకి వంగారు. వదీయ కోడలి చెయ్యి పట్టుకుని చిటికెనవేలు పాలల్లో ముంచింది.

"ఈసారి జపం మొత్తం చెప్పు" అంది. "దొంగలా మధ్యలో తియ్యకు."

వేడిగా ఉంది. నజ్వా వేలు తియ్యలేదు.