లస్మన్న భుజం

నేను ఒక తుపాకీ బట్‌ని, భుజానికి ఆనించుకునే వెనక భాగాన్ని. నా యజమాని లస్మన్న మొక్కజొన్న చేలో వెల్లకిలా పడి ఉన్నాడు. నేను ఆయన పక్కన బురదలో ఉన్నాను. అడవిపంది గట్టు దాటి వెళ్లిపోయింది. డప్పులు కొట్టి దాన్ని మా వైపు తరిమిన ఊరివాళ్లు డప్పులు ఆపి చూస్తున్నారు.

గుండు పందికి తగల్లేదు. దెబ్బ మాత్రం లస్మన్నకు తగిలింది. తుపాకీ వెనక్కి తన్నిన తన్నుకు భుజం కదిలిపోయి, కాలు జారి పడ్డాడు.

సర్పంచ్ నర్సవ్వ గట్టు మీద నుంచే మాట్లాడింది. కేకలు వేయలేదు. అదే భయంగా ఉంది.

“లస్మన్నా, నీ మీద మాకు గౌరవం ఉన్నది. ఇంకొక్కపాలి చూస్తం. అప్పుడు సుత గిట్లనే అయితే వేరే షూటర్‌ను పిలుసుకుంటం. పంట ఆగదు కదా.”

సైన్యం నుంచి వచ్చాక లస్మన్నకు మిగిలిన పని ఇదొక్కటే. పంటల్ని తొక్కి పాడుచేసే పందుల్ని కాల్చడానికి పంచాయతీ అనుమతితో ఊళ్లవాళ్లు పిలుస్తారు. ‘షూటర్ సాబ్’ అని కుర్చీ వేస్తారు. ఆ కుర్చీ పోతే ఆయన ఇంట్లో కూర్చుని భార్య పోసాని వండిన కూరకు వంకలు పెట్టడం తప్ప చేయగలిగింది లేదు. ఇది పోసానికి ఇంకా బాగా తెలుసు.

లస్మన్న లేచాడు. నన్ను ఎత్తి చూపించి, అందరికీ వినబడేలా అన్నాడు. “బట్ ఖరాబున్నది.”

ఖరాబు! నేను!

నాకు నోరుంటే ఈ కథ అక్కడే ముగిసేది. లేదు కాబట్టి మొదటి నుంచీ చెప్పుకోవాలి.

నేను మామూలు కర్ర బట్‌ని కాను. నా లోపల గొట్టంలో గొట్టం, వాటి మధ్య ఒక స్ప్రింగు ఉంటాయి. తుపాకీ పేలగానే వెనక్కి తన్నుతుంది. ఆ తన్నును నా స్ప్రింగు మింగేస్తుంది. గుద్దుగా రావాల్సింది మెత్తని తోపుగా భుజానికి చేరుతుంది. నేను పుట్టిందే అందుకు. వేరే పని నాకు రాదు.

హైదరాబాద్‌లో హబీబ్ సాబ్ అనే తుపాకుల వ్యాపారి దుకాణంలో నన్ను లస్మన్న చూశాడు. సైన్యంలో లారీ మీంచి పడ్డప్పుడు కీలు జారిన భుజం ఆయనది. పాత కర్ర బట్‌తో కాల్చిన ప్రతిసారీ ఆ చెయ్యి అన్నం ముద్ద ఎత్తడానికి కూడా మొరాయించేది. హబీబ్ సాబ్ మూడు రకాలు ముందు పెట్టాడు. వెనక రబ్బరు మెత్త అంటించిన కర్ర బట్ ఒకటి, తేలికపాటి ప్లాస్టిక్‌ది ఒకటి, నేను. ముందు కళ్లు మూసుకుని తుపాకీ భుజానికెత్తమన్నాడు. తర్వాత తెరవమన్నాడు. కన్ను సరిగ్గా గురి మీద వాలితేనే ఆ బట్ ఆ మనిషికి సరిపోయినట్టు. ప్లాస్టిక్‌ది అక్కడే ఓడిపోయింది, పొడవు ఎక్కువ.

మిగిలిన ఇద్దరికీ షూటింగ్ రేంజిలో పరీక్ష జరిగింది. హబీబ్ సాబ్ గురి పలక వైపు చూడనే లేదు. లస్మన్న కనురెప్పల వైపు చూస్తూ కూర్చున్నాడు. తూటాల మధ్య చెప్పకుండా ఒక ఉత్తుత్తి తూటా కలిపాడు. కర్ర బట్‌తో ఆ తూటా వంతు వచ్చినప్పుడు, పేలుడు లేకపోయినా లస్మన్న కళ్లు మూతపడ్డాయి, తుపాకీ గొట్టం కిందికి వంగింది. తన్నుకు ముందే భయపడుతున్నాడన్నమాట. నాతో రెండు మూడు గుళ్లు కాల్చాక అదే పరీక్ష పెట్టాడు. రెప్ప కదల్లేదు. లస్మన్న నన్ను చెంపకు ఆనించుకుని కొత్త పెళ్లికొడుకులా నవ్వాడు.

హబీబ్ సాబ్ ఒక్కటే చెప్పాడు. పొడి గుడ్డతో తుడవాలి, లోపల నూనె పడకూడదు. లస్మన్న తలూపాడు. మనుషులు తలూపడం గురించి అప్పటికి నాకు అనుభవం లేదు.

దసరా వచ్చింది. ఆయుధపూజ. లస్మన్న తుపాకీని పీట మీద పెట్టి, నువ్వుల నూనెలో పసుపు కలిపి, ఒళ్లంతా పట్టించాడు. అంతటితో ఆగితే బాగుండేది. నా గొట్టాల మధ్య సన్నని సందు కనబడింది. అందులోకి వేలితో పసుపు కూరాడు, పైనుంచి నూనె ధార పోశాడు. పక్కన దీపం వెలిగిస్తున్న పోసాని, ఆ సందులో ఎందుకు పోస్తున్నావని అడిగింది. ఫౌజులో తుపాకులు చూసిన వాడికి నువ్వు చెప్తావా అన్నాడు. ఆమె దీపం వెలిగించుకుంది. నేను హారతి అందుకున్నాను. అంత భక్తితో గొంతు నులమడం మనుషులకే సాధ్యం.

నూనె నెమ్మదిగా జిగురైంది. పసుపు గట్టిపడింది. యాసంగిలో, అంటే రబీలో, వేసిన మొక్కజొన్న కంకి పట్టేనాటికి నా స్ప్రింగు కాంక్రీటులో పాతిన ఇనుములా బిగుసుకుపోయింది. నేను నిజంగానే కట్టెనయ్యాను.

చేలో పడ్డ తర్వాత ఇంట్లో విచారణ మొదలైంది. ముందు తూటాల మీద నేరం మోపారు. కొత్త తూటాలు వచ్చాయి, తన్ను తగ్గలేదు. తువ్వాలు మడతపెట్టి భుజాన వేసుకున్నాడు, నేను జారి దండ ఎముకను కొట్టాను. బావమరిది రాజలింగు వచ్చి గొప్ప సలహా ఇచ్చాడు.

“వదులుగ పట్టుకో బావా. బిగపడితేనే గుద్దుతది.”

వదులుగా పట్టుకుంటే ఇంకా గట్టిగా గుద్దాను. నా ఇష్టమా అది? ప్రతి దెబ్బకూ ‘లోపల చూడండి’ అని అరిచాను. వాళ్లకు పేలుడే వినబడింది. రాజలింగు ఆ రోజు నుంచి ఫోన్ ఎత్తలేదు. రాత్రికి పోసాని కాపడం పెడుతుంటే లస్మన్న ఆమె వంటకు కూడా కాస్త నేరం అంటగట్టాడు.

చివరికి నన్ను తుపాకీ నుంచి విప్పి, పాత చీరలో చుట్టి, సర్వపిండి డబ్బా పక్కన సంచిలో పెట్టి బస్సెక్కారు. చెయ్యి లేవడం లేదు కాబట్టి సంచి మోయడానికి పోసాని కూడా వచ్చింది.

హబీబ్ సాబ్ నన్ను గోడకు ఆనించి బలంగా నొక్కాడు. నేను కదల్లేదు. కనుబొమలు ముడిచి, మరలు విప్పి, లోపలి గొట్టం లాగాడు. కింద పరిచిన కాగితం మీద పసుపుపచ్చ గడ్డ ఒకటి టప్పున పడింది. దుకాణమంతా నువ్వుల నూనె కంపు.

కిరోసిన్‌తో కడిగి, తుడిచి, బిగించి మళ్లీ గోడకు నొక్కాడు. నేను లోపలికి వెళ్లి, హాయిగా బయటికి వచ్చాను. ఎన్ని నెలల తర్వాత ఊపిరి! లస్మన్న ముఖం కూడా వెలిగింది. సర్పంచ్ ఇచ్చిన ఆ ఒక్క అవకాశం ఇప్పుడు దక్కినట్టే.

హబీబ్ సాబ్ మాత్రం నన్ను వెంటనే ఇవ్వలేదు.

“బట్ మంచిగనే ఉందన్నా. ఇది ఎవరు పోసిన్రో చెప్పు. ఆ మనిషికి నేనే సమజయ్యేటట్టు చెప్త. లేకుంటే మళ్లా దసరాకు నీ భుజం ఇరుగుతది.”

లస్మన్న పైకప్పు చూశాడు. బస్సులో దుమ్మన్నాడు, ఇంట్లో ఎలుకలన్నాడు. చివరికి గొంతు తగ్గించి, “పండుగొస్తే ఆడోళ్లు ఇల్లంత పసుపు పూస్తరు సాబ్. ఏం జేస్తం?” అన్నాడు.

పోసాని సంచి కింద పెట్టింది. పెళ్లయిన నాటి నుంచి ఆమె మొగుడి పేరు పలకలేదు. మా ఇంటాయన, పిల్లల నాయిన. అంతే. రేషన్ కార్డు కోసం అడిగినప్పుడు కూడా వెనకున్న మనిషి చేత చెప్పించింది.

ఆమె హబీబ్ సాబ్ వైపు తిరిగింది. చీర కొంగు సర్దుకుంది.

“లస్మన్న పోసిండు సాబ్,” అంది.