పైన పోసిన నూనె

ఫోను పెట్టేసినా పెంచల్ మాటలు చెవిలోంచి పోలేదు.

"బావా, నీ నూనె నన్ను ముంచింది. తగ్గడం అటుంచు, ఇంకా పెరిగిందంట. ఇంక ఆ డాక్టరు గడప తొక్కను."

నవ్వుతూనే అన్నాడు. ఆ నవ్వే చెంచురామయ్యను కూర్చోనివ్వలేదు. గూడూరు కాలేజీలో కెమిస్ట్రీ చెప్పి రిటైరైన మనిషి, పాలు పొయ్యి మీద పెట్టి మరిచాడు, వేసిన గేటే మళ్ళీ వెళ్ళి చూసి వచ్చాడు. భార్య కామమ్మ కూడా ఇలాగే నవ్వుతూ "ఆయాసమేలే" అని కొట్టిపారేసింది. ఆ వారమే ఆమె గుండె ఆగిపోయింది. పెంచల్ ఆమె తమ్ముడు. అదే ముక్కు, అదే నవ్వు. లోపల రక్తమూ అదేనేమోనని ఆయన భయం.

చెడ్డ కొలెస్ట్రాల్ ఎక్కువుందని తేలినప్పుడు, మూడు నెలలు తిండి మార్చి చూద్దామనీ, తగ్గకపోతే మాత్రలనీ డాక్టరు అన్నాడు. పొద్దుతిరుగుడు నూనె ప్యాకెట్లు కొని, పెంచల్ భార్య విజయకుమారి చేతిలో పెట్టింది చెంచురామయ్యే. "ఇది కొలెస్ట్రాల్ని దించుతుందమ్మా, వాడు" అని చెప్పిందీ ఆయనే.

ఆ మూడు నెలలూ అయ్యాయి. మరి ఎందుకు దించలేదు?

పెంచల్ వాళ్ళ ఊరు కోటకి బస్సెక్కాడు. కిటికీ పక్క సీటు దొరికింది, సగం దారిలో ఉప్పుగాలి మొహాన తగిలింది. ఆ మాత్రానికే మనసు కాస్త చల్లబడింది గానీ, కాలు ఆడించడం మాత్రం ఆగలేదు.

వరండాలో మంచం మీద పడుకున్న పెంచల్ లేవకుండానే అడిగాడు. "తిట్టను వచ్చినావా బావా?"

"అన్నం తినడానికొచ్చాలే."

నేరుగా వంటింట్లోకి వెళ్ళి స్టూలు మీద కూర్చున్నాడు. విజయకుమారి ఇటు తిరగలేదు. "మీరు చెప్పిన మాట ఒక్క పూట తప్పలేదన్నా," అంది.

ఆమె డబ్బాలోంచి చట్టిలోకి నూనె వంచి తాలింపు వేసింది.

"అది ఏ నూనెమ్మా?"

"ఎప్పుడూ వాడే పామాయిలే."

"నేను తెచ్చిందో?"

"ఉండండన్నా, దానికింకా టైముంది."

చింతపండు పులుసు మరిగింది. మామిడికాయ ముక్కలు పడ్డాయి, తర్వాత బొమ్మిడాయి చేపలు. చట్టి దించబోయే ముందు ఆమె ప్యాకెట్ తీసి, గరిటెడు నూనె పైన పోసింది. నూనె తేలని పులుసు ఆ ఊళ్ళో ఎవరూ విస్తట్లో వడ్డించరు.

"కాగితే మందు గుణం పోతుందని చివర్లో పోస్తున్నా. ఆయనకని ఒక గరిటె ఎక్కువే," అంది.

చెంచురామయ్య కళ్ళు మూసుకున్నాడు. దించుతుంది అన్నాడే గానీ, దేనికి బదులో చెప్పలేదు.

"తప్పు నీది కాదమ్మా, నాది. ఇది మందు కాదు. పామాయిలు మానేసి, దాని చోట ఇది వాడితేనే మేలు. దాని మీద ఇంకాస్త పోస్తే కాదు."

ఆమె చట్టి వంకా, డబ్బా వంకా చూసింది. "అంటే ఆయనకి రెండు నూనెలూ తాగించినానా?"

గుమ్మంలోంచి పెంచల్ అన్నాడు. "పొట్ట ఊరికే రాలేదన్నమాట. అంతా నీ చేతి చలవే."

"పప్పులోకి నెయ్యి పూటపూటా అడిగి పోయించుకుంది ఎవురో?" అందామె.

పెంచల్ దూలాల వైపు చూశాడు. విజయకుమారి డబ్బా తీసుకెళ్ళి దేవుడి గూటి కింద పెట్టింది. "దీపాలకి వాడతాలే."

"డాక్టర్ని అడిగి ఇంకో మూడు నెలలు చూద్దాం పెంచల్," అన్నాడు చెంచురామయ్య. "ఆ తర్వాత డాక్టరు ఏం చెబితే అది. మాత్రలైనా సరే. రానని మాత్రం అనొద్దు."

పెంచల్ మోచేతి మడత రుద్దుకున్నాడు. "రక్తం తీసేదానికి సూది గుచ్చేటప్పుడు నేను చూళ్ళేను బావా," అన్నాడు. "నువ్వు పక్కన కూర్చుంటావా?"

"కూర్చుంటా."

వడ్డించేముందు ఆమె పైన తేలిన నూనెను గరిటెతో తీసేసింది. అయినా అంచుల్లో కొంచెం మిగిలింది. విస్తరి ముందు చెంచురామయ్య మోకాలు ఇంకా ఆడుతూనే ఉంది. పెంచల్ దాని మీద చెయ్యి వేసి, "తిను బావా," అన్నాడు.