నవంబరు పాఠం

రేపల్లె పాసింజరులో ఇంజను దగ్గర నుంచి రెండో పెట్టె టీచర్లది. ఎవరూ రాసివ్వలేదు, ఎవరూ కాదనలేదు. ఏళ్ల తరబడి తెనాలిలో ఎక్కి ఆ చెక్క బల్లల మీద నడుములు అరగదీసుకున్న వాళ్లకి ఆ మాత్రం హక్కు ఉండదా ఏంటి? జూన్ వచ్చిందంటే ఆ పెట్టె సంబరం చూసి తీరాలి. ఒళ్లో అట్టలు, అట్టల మీద తెల్లకాగితాలు, ఎర్ర పెన్నులు, మధ్యలో ఎవరిదో ఇడ్లీ పొట్లం. ఏ నెలలో ఏ పాఠం చెబుతారో ఏడాదికి సరిపడా ముందే రాసి హెడ్మాస్టరు చేతిలో పెట్టాలి. దాని పేరు వార్షిక ప్రణాళిక. పేరు ఘనంగానే ఉంది. తయారీ మాత్రం ఇలా: వెంకట్రామయ్య మాస్టారు చదువుతారు, మిగతావాళ్లు రాసుకుంటారు.

ఆయన దగ్గర అన్ని సబ్జెక్టులకీ పాత ప్లాన్లున్నాయి. ఎప్పుడో ఏ మహానుభావుడో రాసినవి. పుస్తకాలు మారినప్పుడు పాఠాల పేర్లు కొట్టేసి పైన కొత్తవి రాశారు, అంతే. ఆ ఏడుతో ఆయన రిటైరవుతున్నారు.

"రాసుకోండమ్మా, లెక్కలవాళ్లు. జూన్, ప్రవచనాలూ సమితులూ. జులై, ప్రమేయాలు..." అని ఆయన వార్తలు చదివినట్టు చదువుతున్నారు. రైలు వేమూరు దాటింది. నాగజ్యోతి బుద్ధిగా రాస్తోంది. "నవంబరు, త్రికోణమితి" అనేసరికి ఆమె పెన్ను ఆగింది.

నాగజ్యోతి లెక్కల టీచరు. రేపల్లెలో దిగి, షేర్ ఆటోలో పెనుమూడి రోడ్డున పోతే వచ్చే పల్లెలో హైస్కూలు. రోజూ పోనూ రానూ ఆ ప్రయాణమే ఆమెని సగం తినేసింది. మిగతా సగాన్ని కిందటేటి పదో తరగతి తినేసింది. నవంబరులో కోతలు మొదలుకాగానే క్లాసు క్లాసంతా చేలల్లోకి పోయింది. సైనూ కాసూ ఆమె చెప్పింది ఎవరికయ్యా అంటే, మొదటి బెంచీలో కూర్చున్న నలుగురికీ, నాలుగు గోడలకీ. మార్చిలో ఫలితం ఏమవుతుందో జోస్యం చెప్పించుకోవాలా? లెక్కల్లో కుప్పకూలారు. తప్పినవాళ్లలో మళ్లీ పుస్తకం పట్టినవాడు ఒక్కడూ లేడు.

ఇంకో ముల్లు కూడా ఉంది. నాగజ్యోతి పుట్టిల్లు పెనుమూడే. అన్న వీరాస్వామి అక్కడే వ్యవసాయం చేస్తున్నాడు. కిందటి నవంబరులో ఆటోలో పోతూ చూస్తే, తన క్లాసు పిల్లలు సగం మంది అన్నయ్య చేలోనే వంగి వరి కోస్తున్నారు. ఆమె చటుక్కున తల అటు తిప్పుకుంది. ఆ తల తిప్పుకోవడం ఇప్పటికీ ఆమె మెడలో నొప్పిలా ఉంది.

"ఏమ్మాయ్, ఆగిపోయావ్?" అన్నారు మాస్టారు.

"నవంబర్లో మా పిల్లలు ఉండరు మాస్టారూ."

"నా సర్వీసులో ఏ నవంబర్లో ఉన్నారు గనక? ప్లానులో ఉంటారు. చాలదా? రాసుకో, భట్టిప్రోలు వచ్చేలోపు సోషలు కూడా అయిపోవాలి."

అందరూ నవ్వారు. నాగజ్యోతి కూడా నవ్వింది గానీ, రాయలేదు.

ఈ ఏడు పదో తరగతిలో సువార్త అనే పిల్ల ఉంది. బడి తెరిచిన రోజే వాళ్లమ్మ వచ్చి గుమ్మం దగ్గర నిలబడి చెప్పింది. "ఈ ఒక్క ఏడేనండి టీచరుగారూ. పాసయితే వాళ్ల నాన్న రేపల్లె కాలేజీకి పంపుతానన్నాడు. తప్పితే ఇంక నాతోపాటే పనికొచ్చేసుద్ది. మళ్లీ పరీక్ష కట్టించడాలూ అవీ మావల్ల కాదండి." బతిమాలుతున్నట్టు కూడా లేదు ఆమె గొంతు. బస్సు వేళలు చెప్పినట్టు చెప్పింది. సువార్త ఒక్కతేనా, ఆ క్లాసులో మూడొంతుల మంది కథ అదే.

బాపట్లలో బీఈడీ చదివే రోజుల్లో ప్లాను రాయడమంటే ముందు ఎదురుగా ఎవరు కూర్చుంటారో ఆలోచించమని నేర్పారు. ఇన్నేళ్లకి ఆ మాట గుర్తొచ్చింది నాగజ్యోతికి. గుర్తు రాకపోయినా బాగుండేది, ఒళ్లు సుఖపడేది. ఆ ఆదివారం వంట పని కూడా పక్కన పెట్టి కూర్చుని ప్లానంతా తలకిందులు చేసింది. త్రికోణమితి, రేఖాగణితం లాంటి బరువైనవన్నీ ముందుకి. ఇంట్లో కూర్చుని చూసుకున్నా అర్థమయ్యే తేలికవి జనవరికి. నవంబరు, డిసెంబరు ఎదురుగా ఒకే మాట రాసింది: "కోతలు."

హెడ్మాస్టరు శేషగిరి గారు దాన్ని చదివి కళ్లజోడు తీసి బల్లమీద పెట్టారు. మంచివాడే పాపం, కాకపోతే పైనుంచి ఫోను మోగితే లేచి నిలబడి మాట్లాడే రకం.

"ఇదేంటమ్మా? ప్లానా, పితూరీనా?"

"ఉన్నదే రాశానండి."

"అదే నేననేది! పిల్లల్ని పనుల్లోంచి బడికి తెచ్చేశామని మొన్ననే కదా ఊరంతా ఊరేగింపు చేశాం? నవంబర్లో వాళ్లు కోతలకి పోతారని మనమే రాసి సంతకాలు పెడితే నన్నేం చేస్తారో తెలుసా? పైగా ఉమ్మడి పరీక్ష పేపరు జిల్లా అంతటికీ ఒకటేనాయె. సెప్టెంబర్లో వాళ్లు సమితులు అడిగితే మీ పిల్లలు త్రికోణమితి లెక్కల్లో తాడిచెట్టు ఎత్తు చెబుతారా?"

"సెప్టెంబరు పోతే పోయిందండి. నాకు మార్చి కావాలి."

"నాకు రెండూ కావాలమ్మా. మామూలుది రాసి తీసుకురండి. సంతకం పెడతాను." ఆగి, గొంతు తగ్గించి అన్నారు, "క్లాసులో మీరేం చెబుతారో నేనొచ్చి తలుపు దగ్గర నిలబడను."

అలా ఆమె నెత్తికి రెండు ప్లాన్లు చుట్టుకున్నాయి. పొద్దున రైల్లో మాస్టారి ప్లాను ప్రకారం అబద్ధం పాఠాలు రాయడం, బడిలో నిజం పాఠాలు చెప్పడం. సోమవారం సోమవారం అబద్ధానికి సంతకం. కష్టమైన లెక్కలు ముందే చెప్పాలంటే వాటికి కావలసిన పునాది కూడా అప్పటికప్పుడే వేసుకుంటూ పోవాలాయె. అరిచి అరిచి గొంతు పోయింది. సాయంత్రం రైల్లో కిటికీకి తల ఆనించి నిద్రపోతుంటే తెనాలిలో ఎవరో ఒకరు తట్టి లేపేవాళ్లు. "నీకెందుకమ్మా ఈ కంఠశోష? నీ జీతం నీకొస్తుందిగా," అన్నారు వెంకట్రామయ్య మాస్టారు ఒకరోజు. ఎగతాళికి కాదు, జాలితోనే. ఆమెకి ఏడుపొచ్చింది. అలసిపోయినవాళ్ల మీద జాలి పడకూడదు, ఉన్న కాస్త బిగువూ సడలిపోతుంది.

పిల్లలు మాత్రం అల్లుకుపోయారు. బడి పక్కన తాడిచెట్టు ఉంది. ఆగస్టులో వానలు తెరిపిచ్చినప్పుడల్లా వాళ్లని దాని కింద నిలబెట్టి, నీడ కొలిపించి, ఎత్తు తీయించింది. నీడ చెట్టంతే ఉంటే ఎండ పడే కోణం నలభై అయిదు డిగ్రీలు, పెరిగితే కోణం తగ్గినట్టు. సువార్త ఆ తాడిని వదిలిపెట్టలేదు. పొద్దున ఒకసారి, అన్నం బెల్లుకి ఒకసారి, ఇంటికి పోతూ ఒకసారి నీడని అడుగులతో కొలిచేది.

సెప్టెంబరు ఉమ్మడి పరీక్షలో అనుకున్నంతా అయింది. పేపరు నిండా చెప్పని పాఠాలే. మార్కులు చూసి శేషగిరి గారు తల పట్టుకున్నారు. స్టాఫు రూములో పక్క సబ్జెక్టువాళ్లు చప్పరించిన నాలుకల చప్పుడు ఆమె చెవిన పడకపోలేదు. అక్టోబరులో ఆ మార్కులు పట్టుకునే తనిఖీ అధికారి వచ్చారు.

ఆయన తిన్నగా పదో తరగతిలోకే వచ్చారు. వెనకాల శేషగిరి గారు, మొహాన చెమట. అధికారి ప్లాను తెరిచి చూసి, బోర్డు చూసి, మళ్లీ ప్లాను చూశారు.

"ఇందులో ఈ వారం శ్రేఢులు అని ఉంది. బోర్డు మీద వృత్తాలున్నాయి. ఏంటండీ ఇది?"

నాగజ్యోతి నోరు తెరిచేలోపే సువార్త లేచింది. "నవంబర్లో మేం ఉండమండి. అందుకని టీచరుగారు అన్నీ ముందే చెప్పేస్తన్నారండి."

శేషగిరి గారు కళ్లు మూసుకున్నారు.

"ఉండరా? ఎక్కడికెళ్తారు?"

"కోతలకండి."

"ఎవరు పిలుస్తారమ్మా మిమ్మల్ని కోతలకి?" ఆయన గొంతు మెత్తగానే ఉంది. "ఎవరి చేలో కోస్తారు?"

సువార్త టీచరు వైపు చూసింది. చెప్పొద్దని కళ్లతో సైగ చేస్తే ఆ పిల్ల మానేసేదే. నాగజ్యోతి చేయలేదు. చేయలేకపోయింది అన్నా తప్పులేదు, అంత ఓపిక కూడా మిగల్లేదు.

"టీచరుగారి అన్నయ్యగారి చేలోనండి," అంది సువార్త. "అమ్మా నేనూ ఏటా అక్కడికేనండి."

అధికారి చాలాసేపు నాగజ్యోతిని చూశారు. ఆమె తల తిప్పుకోలేదు. మొహం మండిపోతున్నా ఈసారి తిప్పుకోలేదు.

"తాడిచెట్టు నీడ కొలిచింది మీరేనా?" అని పిల్లల్ని అడిగారు ఆయన చివరికి. తాడి మాట ఆయనకెవరు చెప్పారో! పిల్లలు ఒక్కసారే గోల గోలగా ఎత్తు చెప్పారు. ఆయన ప్లాను మూసి బల్లమీద పెట్టారు. "నేను కాగితంలో ఏం రాయాలో ఆలోచించుకుంటాను. మీరు పాఠం కానివ్వండమ్మా," అని వెళ్లిపోయారు. తర్వాత సంజాయిషీ అడుగుతూ కాగితమూ రాలేదు, మెచ్చుకుంటూ కాగితమూ రాలేదు.

ఆ సాయంత్రం ఆమె రైలు వదులుకుని అన్న ఇంటికి వెళ్లింది. వీరాస్వామి అరుగు మీద కూర్చుని చల్లడానికి మినుములు బాగుచేస్తున్నాడు.

"అన్నయ్యా, ఈ ఏడు పిల్లల్ని చేలోకి రానీయకు."

"నేను పిలిచానా ఏంటి? కూలీల ముఠా వస్తది, వాళ్ల పిల్లల్ని వాళ్లు తెచ్చుకుంటారు. రావద్దంటే ముఠా మొత్తం పక్క చేలోకి పోద్ది. అక్కడా అదే పిల్లలు కోస్తారు." చేట పక్కన పెట్టాడు. "వాన ముంచుకొచ్చేలోపు చేను ఇంటికి రావాలి జ్యోతీ. నువ్వొచ్చి కోస్తావా? మీ స్టాఫునంతా తీసుకొస్తావా?"

ఆ చేను గింజలతోనే నాగజ్యోతి చదువుకుంది. వదిన కాఫీ ఇచ్చింది, తాగింది, వచ్చేసింది.

నవంబరు వచ్చింది. బెంచీలు ఖాళీ అయ్యాయి. సోమవారం ఆమె ప్లాను తీసుకెళ్లి హెడ్మాస్టరు ముందు పెట్టింది. ఆ వారం పాఠం ఎదురుగా, "త్రికోణమితి. ఆగస్టులోనే అయిపోయింది" అని రాసి ఉంది. శేషగిరి గారు చదివారు. కళ్లజోడు తీశారు, తుడుచుకున్నారు, పెట్టుకున్నారు. సంతకం పెట్టి పుస్తకం ఆమె వైపు తోశారు.

ఆ సాయంత్రం ఆటో పెనుమూడి రోడ్డు మీద అన్నయ్య చేను దగ్గరకొచ్చేసరికి ఆమె ఆపించి దిగింది. ఎందుకు దిగిందో ఆమెకీ తెలియదు. గట్టు మీద నిలబడింది. పదో తరగతి అంతా అక్కడే ఉంది, వరుసగా, కొడవళ్లతో. హాజరు పిలవచ్చు కావలిస్తే.

సువార్త నడుం పట్టుకుని నిటారుగా నిలబడింది. మొహం నిండా దుమ్ము. "టీచరుగారండీ! ఇయ్యాల ఏం పాఠం చెప్పారండీ?"

"ఏం లేదమ్మా. నీ పాఠాలు అయిపోయినయ్. నువ్వు..." అని ఆగింది నాగజ్యోతి. తర్వాతి మాట నోటికి రావడం లేదు. ఇన్నేళ్ల ఉద్యోగంలో ఏ పిల్లకీ చెప్పని మాట. "నువ్వు కోసుకో."

"జనవరికి వచ్చేస్తానండి. ఏదీ మర్చిపోను లెండి." సువార్త కొడవలితో గట్టు చివర తాడిచెట్టు వైపు చూపించింది. "అదుగోండి, నీడ చెట్టుని దాటిపోయి చాలాసేపయింది. కోణం ముప్ఫై లోపే ఉంటదండి. మీ రైలుకి టైమయింది, పోండి."

నాగజ్యోతికి ఆ పిల్లని దగ్గరకు తీసుకోవాలనిపించింది, మధ్యలో కోయని వరి ఉంది. సంతోషమూ సిగ్గూ ఒకేసారి ముంచుకొచ్చాయి. ఆ చివర గట్టు మీంచి వీరాస్వామి కేకేశాడు.

"ఏంటే జ్యోతీ, అక్కడ నిలబడ్డావ్? పనాపకు, చీకటిపడుద్ది!"

ఆ కేకలో రెండో ముక్క తనకేనని అర్థమై, సువార్త మళ్లీ వరిలోకి వంగింది.