గొలుగొండ గోల్డ్

నర్సీపట్నంలో లోవరాజుకి నీటి మోటార్ల వైండింగ్ షాపు ఉంది. ఒకసారి మోటార్ల కంపెనీవాళ్లు మీటింగని బెంగళూరు తీసుకెళ్లి, సాయంత్రం ఒక హోటల్లో అక్కడికక్కడే కాచిన క్రాఫ్ట్ బీరు పోశారు. పెద్ద ఫ్యాక్టరీ సరుకు కాదు. కొద్దికొద్దిగా, ఒక్కో రకం ఒక్కో రుచితో చేసేది. మొదటి గుక్కకే అతనికి ఇన్నాళ్లూ తాగింది బీరు కాదని తెలిసిపోయింది. ఆ హోటలువాళ్లు గుర్తుగా ఇచ్చిన పొడుగాటి గ్లాసుని లుంగీలో చుట్టి ఊరికి తెచ్చుకున్నాడు.

గ్లాసైతే వచ్చింది గానీ అందులో పోసేది ఊళ్లో ఎక్కడుంది? వైన్ షాపుకెళ్లి, "క్రాఫ్ట్ బీరుందా?" అని అడిగాడు.

"గ్రాఫేటి? స్ట్రాంగా లైటా అది సెప్పండి. బేగి సెప్పండి, ఎనకాల లైనుంది," అన్నాడు షాపతను.

తాగడానికి దొరక్కపోతే తాగేవాళ్ల మాటలైనా విందామని 'నురగ' అనే వాట్సాప్ గ్రూపులో చేరాడు. ముప్పై ఎనిమిది మంది. ఆదివారం సాయంత్రం ఆరు కాగానే ఎవరేం తాగుతున్నారో ఫోటో పెట్టి, దాని రుచి గురించి నాలుగు ముక్కలు రాయాలి. అడ్మిన్ గణేశ్వరరావు గారు విశాఖలో ఇంజినీరుగా రిటైరైన మనిషి. "మొదట బత్తాయి తొక్క, చివర తడిసిన చెక్క" అని ఆయన రాస్తే, అందరూ చేతులు జోడించిన బొమ్మలు పెట్టేవారు. లోవరాజు నాలుగు నెలలపాటు అందరికీ బొటనవేలు బొమ్మ పెడుతూ గడిపాడు.

ఒక ఆదివారం గణేశ్వరరావు గారు అడగనే అడిగారు: "లోవరాజు గారూ, ఎప్పుడూ బొటనవేలేనా? ఇంతకీ మీరేం తాగుతున్నారు?"

ఆ నిమిషంలో లోవరాజు తాగుతున్నది చెరుకురసం. అతని భార్య పుష్పవతి బస్సుల కాంప్లెక్స్ దగ్గర దేవుళ్లు అనే అతని బండి మీద ఆడించి తెచ్చింది. గ్రూపులో ఎవరో అప్పుడే పెట్టిన బీరు ఫోటో చూశాడు. మబ్బు పట్టినట్టు పచ్చగా ఉంది, మీద నురగ. తన చేతిలోది చూసుకున్నాడు. మబ్బు, పచ్చ, నురగ. లేచి వెళ్లి బెంగళూరు గ్లాసు తెచ్చి, అందులో పోసి, కిటికీ దగ్గర నీరెండలో పెట్టి ఫోటో తీశాడు. తీరా రాద్దామంటే మాట పుట్టలేదు.

"పుష్పా, ఈ రసం ఎలగుందో సెప్పు."

"తియ్యగుంది. మరెలగుంటాది?"

"అలక్కాదు, ఇవరంగా."

పుష్పవతి నాలుక సామాన్యమైంది కాదు. పులుసు చుక్క నాలిక్కి రాసుకుని చింతపండు కొత్తదో పాతదో చెప్పగలదు. ఒక గుక్క తాగి కళ్లు మూసుకుంది. "అల్లం ముందు తగల్దు, మింగీసేక ఒస్తంది. నిమ్మకాయ మరీ పచ్చిది. ఎనకాల, కోసిన గడ్డి వానకి తడిస్తే ఒస్తాది సూడండి, ఆ వాసన. ఈ వారం సెరుకు ముదురు."

లోవరాజు అంతా రాసి, చెరుకు అన్నచోట సరుకు అని మార్చి, పైన ఇలా చేర్చాడు: "పేరు గొలుగొండ గోల్డ్. దేవుళ్లు అనే ఆయన స్వయంగా, కొద్దికొద్దిగా తీస్తాడు. బయట దొరకదు." దేవుళ్లుది పక్కనున్న గొలుగొండే. పేరు తప్పిస్తే ఇందులో ఒక్క అబద్ధం కూడా లేదని తనకి తాను చెప్పుకున్నాడు.

గ్రూపు ఊగిపోయింది. గణేశ్వరరావు గారు వందకి తొంభై రెండు మార్కులు వేశారు. ఆయన తాగకుండా, చదివి మార్కులేసిన మొదటి బీరు అదేనట. అది మొదలు ప్రతి ఆదివారం పుష్పవతి తాగడం, లోవరాజు రాయడం. ఆరు నెలల్లో 'లోవరాజు గారు' కాస్తా 'గురువు గారు' అయ్యాడు. షాపులో కాలిపోయిన మోటారు వాసన చూసి కూడా రెండు ముక్కలు చెప్పడం మొదలుపెట్టాడు.

అప్పుడొచ్చింది గణేశ్వరరావు గారి మెసేజి. "ఆదివారం మీ ఊరు వస్తున్నాం. నాతో సాయిప్రియ కూడా. విశాఖలో బీరు కాస్తుంది. మీ రాతలు చదివి గొలుగొండ గోల్డ్ లాంటిది చెయ్యాలని మూడు నెలలుగా తంటాలు పడుతోంది. రెండుసార్లు కాచినదంతా పారబోసింది."

లోవరాజు మెసేజి పుష్పవతికి చదివి వినిపించాడు. "యలమంచిలిలో మనోళ్లెవరో పోయేరని సెప్పీసి ఎలిపోదుమా?"

"బతికున్నోళ్లని ఎందుకండీ సంపడం? నిజం సెప్పీండి," అంది పుష్పవతి.

చెప్పీద్దామనే అనుకున్నాడు. ఆదివారం పదింటికి కారు దిగిన గణేశ్వరరావు గారు అతన్ని కౌగిలించుకునేసరికి, "రండి రండి," అనేశాడు. ఆయన చేతిలో గ్లాసుల పెట్టె ఉంది. సాయిప్రియకి పాతికేళ్ల పైన ఉంటాయి. నిద్రలేని కళ్లు, భుజాన స్టీలు ఫ్లాస్కు.

"కాఫీలు తర్వాత. ముందు దేవుళ్లు గారిని చూపించండి," అన్నారాయన.

కాంప్లెక్స్ దాకా నడుస్తూ లోవరాజు మూడుసార్లు గొంతు సవరించుకున్నాడు. మూడుసార్లూ ఎండ గురించే మాట్లాడాడు.

బండి దగ్గర దేవుళ్లు నెత్తికి తువ్వాలు చుట్టుకుని చెరుకు చెక్కుతున్నాడు. గణేశ్వరరావు గారు నమస్కారం పెట్టారు. ఇది పక్క వ్యాపారమనీ అసలుది లోపలెక్కడో ఉందనీ అనుకున్నారు.

"దేవుళ్లు గారూ, మీకు తయారవడానికి ఎన్ని రోజులు పడుతుందండీ?"

"రోజులేటండీ బాబూ, రెండు నిమిసాలు."

గణేశ్వరరావు గారు నవ్వారు. చేయి తిరిగినవాళ్లు రహస్యం చెప్పరని ఆయనకి తెలుసు. "పోనీ, ఈస్టు ఏది వాడతారు?"

"ఈస్టు గోదారి సరుకు మనకెందుకండీ? మన గొలుగొండదే. పొద్దున్నే కొట్టించి తెచ్చేను."

అంటూనే గడలు రెండు మడిచి మిషనులో పెట్టాడు. దాని చక్రానికి కట్టిన గజ్జెలు ఘల్లుమన్నాయి. పచ్చటి రసం నురగలు కక్కుతూ గిన్నెలోకి దిగింది. సాయిప్రియ గిన్నె వంకా, పక్కనున్న పిప్పి గుట్ట వంకా చూసి, చివరికి లోవరాజు వంక చూసింది. లోవరాజు తల దించుకున్నాడు.

"చెరుకురసం," అంది సాయిప్రియ.

"ఐసు ఏసీదా, ఒద్దా?" అన్నాడు దేవుళ్లు.

గణేశ్వరరావు గారి మొహం కందిపోయింది. "నేను దీనికి తొంభై రెండు మార్కులు వేశాను!" అని అరిచారు. బస్సు కోసం నిలబడ్డవాళ్లు తిరిగి చూశారు.

"నూటికాండీ? ఆ ఎనిమిదెందుకు తగ్గించీసేరు?" అని దేవుళ్లు నొచ్చుకున్నాడు.

"తప్పైపోనాది సార్," అన్నాడు లోవరాజు. "మా ఊళ్లో అది దొరకదు. మీరు అడిగేరు. ఏటీ లేదని సెప్పడానికి సిగ్గేసింది. ఫోటో నాది గానీ, ఆ రుచులన్నీ నా పెళ్లాం సెప్పినియ్యే."

గణేశ్వరరావు గారు గ్లాసుల పెట్టె చంకలో పెట్టుకుని, కారు కోసం ఇంటి వైపు తిరిగారు. సాయిప్రియ మాత్రం కదల్లేదు. గ్లాసు అందుకుని నెమ్మదిగా తాగింది. మింగాక ఆగింది. అల్లం అప్పుడొచ్చింది.

"అంకుల్, ఆవిడ చెప్పిందంతా నిజమే," అంది. "నేను ఆవిణ్ణి చూడాలి."

ఇంటి దగ్గర పుష్పవతి ఉప్మా పెట్టింది. ఎవరూ తిట్టుకోకుండా తిరిగొచ్చినందుకే ఆమెకి సగం ప్రాణం లేచొచ్చింది. సాయిప్రియ ఫ్లాస్కు మూత తీసింది. "అక్కా, మీరు చెప్పిన రుచులు పట్టుకుని నేను కాచిన బీరిది. ఒక్కసారి చూడండి."

"అమ్మో, బీరా? నాను ముట్టను తల్లీ."

"మింగొద్దు. నాలిక్కి తగిలించి ఉమ్మేయండి."

పుష్పవతి మొగుడి వంక చూసింది. తర్వాత దగ్గుమందు చెంచా తెచ్చి, దానిలో పోయించుకుని, కళ్లు మూసుకుని నోట్లో వేసుకుంది. ఒక క్షణం పుక్కిలించి, పెరట్లోకెళ్లి ఉమ్మి వచ్చింది.

"అల్లం తొక్కతో ఏసీసి ఉడకబెట్టీసేరు. అల్లం ఉడికితే కసాయమైపోతాది, ఆఖర్న పచ్చిది దంచి ఏసుకోవాలి. నిమ్మకాయ గింజ నలిగింది, అందుకే సేదు. గడ్డి వాసన మాత్రం..." ఒక్క నిమిషం ఆలోచించింది. "బాగానే కుదిరింది గానీ ఎండుగడ్డి. తడిసింది కాదు."

సాయిప్రియ ఫోన్‌లో గబగబా రాసుకుంటోంది. "అందరూ సూపర్ అన్నారక్కా. ఎక్కడ చెడిందో ఒక్కరూ చెప్పలేదు," అంది. ఆ పిల్ల కళ్లలో నీళ్లు తిరిగాయి.

గణేశ్వరరావు గారు కోపంగానే రెండోసారి ఉప్మా వడ్డించుకుని, కోపంగానే సెలవు తీసుకున్నారు. కారు దారిలోని రావికమతం చేరకముందే లోవరాజు ఫోన్ మోగింది. గ్రూపులోంచి అతన్ని తీసేశారు. అయిదు నిమిషాలకి పుష్పవతి ఫోన్ మోగింది. ఆమెని చేర్చారు.

"ఇదేటండీ, ముప్పై ఎనిమిది మంది ఒకేసారి నమస్కారాలెట్టేస్తన్నారు?" అని ఆమె కంగారుపడింది.

నెలన్నర తర్వాత సాయిప్రియ వాళ్లిద్దరినీ విశాఖ పిలిపించింది. దేవుళ్లు కొట్టించి పంపిన చెరుకు రసంతోనే ఈసారి బీరు కాచిందట. పుష్పవతి బస్సులో చెంచా తీసుకెళ్లింది. పెద్ద పెద్ద స్టీలు డ్రమ్ముల మధ్య నిలబడి నోట్లో వేసుకుంది. గణేశ్వరరావు గారితో సహా అందరూ ఆమె మొహమే చూస్తున్నారు. పుష్పవతి ఉమ్మడానికి వంగి, ఆగి, మింగేసింది.

"పర్లేదు," అంది సిగ్గుపడుతూ.

చప్పట్లు మోగాయి. లోవరాజు చేతిలోనూ ఎవరో నిండు గ్లాసు పెట్టారు. ఏడాదికి పైగా కలలు కన్న గ్లాసది. రెండు గుక్కలు తాగాడు. అతనికి అంతగా నచ్చలేదు. ఎలా ఉందని అతన్ని ఎవరూ అడగలేదు.