లోపలి అంచు

నేను ఒక కారు టైరును. ముందు ఎడమ చక్రానికి ఉండేదాన్ని. ఇప్పుడు గుంటూరు ఆటోనగర్‌లో మీరావలి షెడ్డు పక్కన, పాతిక ముప్ఫై పాత టైర్ల మధ్య పడి ఉన్నాను. ఒంటిమీద జానెడు చీలిక ఉంది. అందులోంచి ఉక్కు తీగలు బయటికొచ్చాయి.

రబ్బరూ, మసీ, గంధకమూ కలిపి పిసికి, తీగలు చుట్టి, అచ్చులో ఉడికించి నన్ను చేశారు. నన్ను అమ్మిన షాపాయన నా మీద అరచేత్తో చరిచి, "నాలుగైదేళ్లు దీని ఊసే ఎత్తక్కర్లేదండీ" అన్నాడు. మనుషుల మాట నమ్మడం అక్కడే మొదలుపెట్టాను.

మొదటి యజమాని తాలూకాఫీసులో గుమాస్తా. ఆయన కారు నడిపినదానికన్నా కడిగిందే ఎక్కువ. రెండేళ్లకు దాన్ని ఆదిశేషుకి అమ్మేశాడు. శేషుది బ్రాడీపేటలో సెల్‌ఫోన్లు బాగుచేసే చిన్న కొట్టు. భార్య నీరజ ఇంట్లోనే జాకెట్ల మీద మగ్గం పని చేసేది. పెళ్లికూతుళ్ల తల్లులు ఆమె సూదిపని కోసం నెలల ముందే వచ్చి చెప్పుకునేవాళ్లు.

నేలకు అంటుకున్నట్టు పరుగెత్తే కార్ల వీడియోలు చూసి చూసి శేషుకి తన కారూ అలా ఉండాలనిపించింది. ఒక వెల్డింగ్ షాపులో స్ప్రింగులు కోయించాడు. కారు నాలుగు వేళ్లు కిందికి దిగింది. వీధిలో అందరూ మెచ్చుకున్నారు. అతను నా పక్కన గొంతుక్కూర్చుని ఫోటోలు తీయించుకున్నాడు.

ఆ రోజు నుంచే నా చావు మొదలైంది. స్ప్రింగు తెగ్గోస్తే చక్రం ఉన్నచోట ఉండదు. పైభాగం లోపలికి వాలింది, ముందుభాగం బయటికి తిరిగింది. కారు ఒకవైపు పోతుంటే నా ముఖం మరోవైపు. నేను దొర్లడం మానేసి ఈడ్చుకుపోవడం మొదలుపెట్టాను. నా భారమంతా లోపలి అంచు మీద పడింది. అది ఎవరికీ కనపడని వైపు. బయటివైపు మాత్రం నిగనిగలాడుతూ ఉండేదాన్ని. శేషు ఆ వైపే తుడిచేవాడు.

స్టీరింగు పక్కకి లాగుతోందని చివరికి మీరావలి దగ్గరికి తీసుకొచ్చాడు. చక్రాల అమరిక, అంటే వీల్ అలైన్‌మెంట్, చూడటంలో ముప్ఫై ఏళ్ల అనుభవం మీరావలిది. చక్రాలకు కొలత పలకలు తగిలించి కంప్యూటర్ తెర వైపు చూశాడు. అంకెలన్నీ ఎరుపే. నా వెనక్కి చెయ్యిపెట్టి తడిమి, చెయ్యి వెంటనే తీసేశాడు. తీగ గుచ్చుకుంది.

"శేషూ, ఇది పేలిపోతుందయ్యా. ఈ టైరు తీసెయ్. కోసిన స్ప్రింగులు పారేసి కొత్తవి వేద్దాం, తర్వాత అమరిక సరిచేస్తా. రెండు రోజులు బండి ఇక్కడే ఉంచు."

"స్ప్రింగులు మారిస్తే మళ్లీ ఎత్తు లేస్తుందా, బాబాయ్?"

"లేస్తుంది. లేవాలి కూడా."

"ఆదివారం మా కార్లవాళ్లంతా కలుస్తున్నారు. అదవ్వగానే తెచ్చేస్తా."

బయట నిలబడ్డ నీరజ ఏమన్నాడని అడిగింది. "ఏం లేదు, గాలి తక్కువైందంట" అన్నాడు శేషు. ఆ అబద్ధం నా మీదే చెప్పాడు. నాకు నోరు లేదు.

శనివారం మధ్యాహ్నం చీరాల బయల్దేరారు. సాయంత్రం పెళ్లికి జాకెట్లు అందించాలి. పొన్నూరు దాటాక జల్లు పట్టుకుంది. "ముహూర్తం వేళకి చేరాలండీ, కాస్త తొందరగా పోనివ్వండి" అంది నీరజ. శేషు వేగం పెంచాడు. నేను పట్టుకోగలిగినంతసేపు పట్టుకున్నాను. ఒక కల్వర్టు దగ్గర చీలిపోయాను.

కారు ఎడమకి దూసుకెళ్లి తుమ్మచెట్టుకి గుద్దుకుంది. శేషుకి గీత కూడా పడలేదు. తలుపు పట్టుకోబోయిన నీరజ కుడిచెయ్యి, లోపలికి నొక్కుకుపోయిన తలుపుకీ డాష్‌బోర్డుకీ మధ్య నలిగింది. ఆమె అరుపు నాకు వినపడింది. తర్వాత వాన చప్పుడే.

కారుని లాక్కురావడానికి మీరావలే వచ్చాడు. నన్ను విప్పి, లోపలి అంచు చూసి, ఈ కుప్పలో వేశాడు.

నెలన్నర తర్వాత శేషు బాగుచేయించిన కారు తెచ్చాడు. కొత్త టైర్లు, కొత్త స్ప్రింగులు. మీరావలి కారు కింద దూరి, రాడ్లు తిప్పి, అరగంట కష్టపడ్డాడు. తెర మీద అంకెలన్నీ పచ్చగా మారాయి. నీరజ కుర్చీలో కూర్చుని ఉంది. రెండు ఆపరేషన్లయినా బొటనవేలు చూపుడువేలిని చేరడం లేదు. ఇక సూది పట్టుకోవడం కుదరదని డాక్టరు చెప్పేశాడట.

"ఆ టైరుకి ఏమైంది బాబాయ్? మేకు దిగిందా?" అని అడిగింది.

మీరావలి శేషు వైపు చూశాడు. శేషు తెర వైపు చూస్తున్నాడు.

"మేకో ఏదోలే" అంది ఆమే. "నేను తొందరపెట్టకపోతే ఆయన నెమ్మదిగానే పోయేవారు. నా చేతులారా చేసుకున్నాను."

శేషు నోరు తెరిచాడు. ఇప్పుడు చెప్తాడనుకున్నాను. "ఎండ ఎక్కువవుతోంది, పద" అన్నాడు.

నీరజ ఎడమచేత్తో సీటు బెల్టు లాక్కుంది, కొక్కెంలో పెట్టలేకపోయింది. అతను వంగి పెట్టాడు. "మిమ్మల్ని కూడా కష్టపెడుతున్నాను" అని ఆమె అతనికి క్షమాపణ చెప్పుకుంది. కారు ఎటూ లాగకుండా గేటు దాటింది. మీరావలి చేతులు తుడుచుకుంటూ, అది మలుపు తిరిగేదాకా అలాగే నిలబడ్డాడు.